క్రిప్టోతో టికెట్టు సరే, వాపసు సంగతేమిటి?

సంపాదకులకు,

అయ్యా,

ప్రయాణ సంస్థలు క్రిప్టో కరెన్సీని, అంటే ఇంటర్నెట్‌లో చేతులు మారే డిజిటల్ నాణేలను, చెల్లింపుగా తీసుకోవడం మొదలుపెట్టినప్పుడల్లా పత్రికల్లో వచ్చే వార్తలు దాదాపు ఒకే అచ్చులో ఉంటాయి. ఫలానా విమానయాన సంస్థ ఇకపై బిట్‌కాయిన్ స్వీకరిస్తుందనీ, ఫలానా దేశంలో పర్యాటకులు వీసా రుసుము మొదలుకొని హోటల్ బిల్లు వరకు ఫోన్‌లోని వాలెట్‌తోనే (నాణేలను ఉంచుకుని పంపే యాప్) కట్టేయవచ్చనీ, చార్జీలు తక్కువనీ, సరిహద్దుల బెడద ఉండదనీ రాస్తారు. ఈ మాటలన్నీ డబ్బు వెళ్లే దారి గురించినవే. అదే డబ్బు వెనక్కి రావలసి వస్తే ఏ దారిన వస్తుందో, ఎంత వస్తుందో, ఎవరి లెక్క ప్రకారం వస్తుందో చెప్పే వాక్యం ఒక్కటి కూడా కనబడదు. చాలా ఏళ్లపాటు టికెట్ల రద్దు, వాపసు లెక్కలు చూసే విభాగంలో పనిచేసినవాడిని కనుక ఏ కొత్త చెల్లింపు పద్ధతి వచ్చినా నా చూపు ముందుగా అక్కడికే పోతుంది. ఆ కోణం నుంచి కొన్ని సంగతులు మీ పాఠకుల ముందుంచాలని ఈ లేఖ రాస్తున్నాను.

ఒక వస్తువు కొన్నప్పుడు డబ్బూ వస్తువూ దాదాపు ఒకేసారి చేతులు మారతాయి. ప్రయాణం అలా కాదు. డబ్బు ఈరోజు కడతాం, ప్రయాణం మూడు నెలల తర్వాత, ఒక్కోసారి పదకొండు నెలల తర్వాత ఉంటుంది. ఈ మధ్యకాలంలో వీసా తిరస్కరించవచ్చు, ఇంట్లో ఒకరికి ఆరోగ్యం బాగోలేకపోవచ్చు, సంస్థ తానే వేళలు మార్చవచ్చు, విమానం రద్దు చేయవచ్చు, అసలు సంస్థే దివాలా తీయవచ్చు. రద్దూ వాపసూ ఈ వ్యాపారంలో ఎప్పుడో ఒకసారి తటస్థపడే మినహాయింపులు కావు, రోజూ జరిగే పని. వెనక్కి తిప్పలేకపోవడమే తన గొప్ప గుణమని చెప్పుకునే చెల్లింపు పద్ధతి, వెనక్కి తిప్పడం నిత్యకృత్యమైన వ్యాపారంలోకి వస్తోందంటే ఆ రెండింటికీ మధ్య అతుకు ఎక్కడ పడుతుందో చూడవలసిందే కదా.

ఇది నిన్నమొన్నటి ప్రయోగమేమీ కాదు. చీప్‌ఎయిర్ అనే అమెరికా బుకింగ్ సంస్థ 2013 నవంబరులోనే బిట్‌కాయిన్ తీసుకోవడం మొదలుపెట్టింది. 2014 జూన్‌లో ఎక్స్‌పీడియా హోటల్ గదుల వరకు ఆ సౌకర్యం ఇచ్చింది. జులైలో లాట్వియాకు చెందిన ఎయిర్‌బాల్టిక్ విమాన టికెట్లకు బిట్‌కాయిన్ స్వీకరించి, ఆ పని చేసిన మొదటి విమానయాన సంస్థగా పేరు తెచ్చుకుంది. అయితే ఈ సంస్థలు నాణేలను తమ ఖజానాలో దాచుకున్నాయని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ప్రయాణికుడు బిట్‌కాయిన్ పంపితే మధ్యలో ఉన్న చెల్లింపు సంస్థ దాన్ని అప్పటికప్పుడే డాలర్లుగానో యూరోలుగానో మార్చి అమ్మకందారు ఖాతాలో వేసేది. అంటే అమ్మినవాడు క్రిప్టో ముఖమే చూడలేదు. అందుకే ఆ మధ్యవర్తి విధానం మార్చుకున్నప్పుడల్లా అమ్మకందారులు కూడా కదలవలసి వచ్చింది. 2018లో చీప్‌ఎయిర్ తన మధ్యవర్తి సంస్థను మార్చుకోక తప్పలేదు. ఎక్స్‌పీడియా అదే సంవత్సరం ఆ సౌకర్యాన్ని చడీచప్పుడు లేకుండా ఎత్తేసింది.

అప్పటికి ఒక చేదు అనుభవం అందరికీ అయ్యే ఉంది. బిట్‌కాయిన్ నెట్‌వర్క్‌లో సగటున పది నిమిషాలకు ఒక బ్లాకు (లావాదేవీల కట్ట) తయారవుతుంది, మొత్తం మీద సెకనుకు ఏడు లావాదేవీలకు అటూఇటూగా మాత్రమే అది మోయగలదు. 2017 డిసెంబరులో జనం ఎగబడేసరికి ఒక్కో లావాదేవీకి సగటు ఫీజు ఒక దశలో 50 డాలర్లు దాటింది. ఒక రాత్రి బసకు బిల్లు కట్టేవాడు ఆ కట్టే ఫీజుకే సగం బసంత ఖర్చు పెట్టుకోవాలంటే ఎవరు మాత్రం ముందుకు వస్తారు? ఇప్పుడు చిన్న చెల్లింపులను అసలు నెట్‌వర్క్ బయటే తేల్చే లైట్నింగ్ వంటి పై పొర నెట్‌వర్క్‌లూ, ఫీజు నామమాత్రంగా ఉండే ఇతర బ్లాక్‌చెయిన్లూ (లావాదేవీలు నమోదయ్యే ఉమ్మడి ఖాతా పుస్తకాలు) వచ్చాయి కనుక ఆ సమస్య చాలావరకు తీరిందనే చెప్పాలి. కాబట్టి వేగం మీదా ఫీజు మీదా నేను వాదన పెంచను. ఆ రెండూ వెళ్లే దారి సమస్యలు, ఇంజినీర్లు వాటి సంగతి చూసుకుంటారు.

వాపసు సంగతి లెక్క వేసి చూస్తేనే తెలుస్తుంది. 2020 ఫిబ్రవరి మధ్యలో ఒక బిట్‌కాయిన్ ధర దాదాపు 10,000 డాలర్లు. ఆ రోజు ఒకరు 1,000 డాలర్ల విమాన టికెట్టు కొని 0.1 బిట్‌కాయిన్ చెల్లించారనుకుందాం. మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారిగా ప్రకటించింది. ఆ మర్నాడే బిట్‌కాయిన్ ఒక్క రోజులో మూడో వంతుకు పైగా పడిపోయి 5,000 డాలర్ల దిగువకు జారింది. లోకమంతటా విమానాలు ఆగిపోతున్నదీ, జనం వాపసు కోసం ఎగబడుతున్నదీ ఆ వారంలోనే. ఆ టికెట్టు రద్దయితే మన ప్రయాణికుడికి ఎంత రావాలి? కట్టిన నాణేలే తిరిగి ఇస్తామంటే 0.1 బిట్‌కాయిన్ వస్తుంది, దాని విలువ 500 డాలర్లే. కట్టిన విలువ ఇస్తామంటే 1,000 డాలర్లకు సరిపడా నాణేలు, అంటే 0.2 బిట్‌కాయిన్ రావాలి. ఇందులో ఏది న్యాయమంటే ఏ ఇద్దరూ ఒకేలా చెప్పరు.

కథ అక్కడితో ఆగితే బాగుండేది. ఆ ఏడాది చాలా సంస్థలు వాపసును నెలల తరబడి సాగదీసిన సంగతి మీ పాఠకులకు కొత్త కాదు. మన ప్రయాణికుడి డబ్బు డిసెంబరు నెలాఖరుకు వచ్చిందనుకుందాం. అప్పటికి బిట్‌కాయిన్ 29,000 డాలర్ల దరిదాపుల్లో ఉంది. ఇప్పుడు అదే 0.1 బిట్‌కాయిన్ ఇవ్వాలంటే సంస్థ 2,900 డాలర్లు పెట్టి కొని ఇవ్వాలి, ఎందుకంటే ఆ నాణేన్ని అది ఫిబ్రవరిలోనే 1,000 డాలర్లకు అమ్మేసుకుంది. విలువ ప్రకారం ఇస్తే 1,000 డాలర్లతో సరి. మార్చిలో నాణేల లెక్క సంస్థకు లాభం, డిసెంబరులో విలువ లెక్క సంస్థకు లాభం. నియమం ముందుగా రాసిపెట్టి లేకపోతే ఏ నెలలో ఏ లెక్క తీస్తారో ఊహించడానికి వాపసు విభాగంలో పనిచేసి ఉండనక్కర్లేదు. ఇంకో సంగతి కూడా ఉంది. నాణేల లెక్క ప్రకారమే వాపసు ఇస్తామని ఏ సంస్థ అయినా మాట ఇస్తే, ధర పెరిగినప్పుడల్లా బుకింగులు రద్దు చేసుకునే తెలివైనవాళ్లు తయారవుతారు. ఉచితంగా రద్దు చేసుకోగల హోటల్ గది అప్పుడు పడక కాదు, పందెం చీటీ అవుతుంది. అందుకే అనుభవమున్న సంస్థలు విలువ లెక్కనే ఎంచుకుంటాయి. వాటిని నేను తప్పు పట్టను. ఆ మాట చెల్లింపు జరగక ముందే ప్రయాణికుడి కంటికి కనబడేలా రాయమనే అడుగుతున్నాను.

దివాలా సంగతి మరీ ఇబ్బందికరం. 2019 సెప్టెంబరు 23న బ్రిటన్ ప్రయాణ సంస్థ థామస్ కుక్ మూతపడినప్పుడు బ్రిటన్ ప్రభుత్వం దాదాపు లక్షన్నర మందిని విదేశాల నుంచి వెనక్కి తీసుకురావలసి వచ్చింది. ఇంకా బయలుదేరనివాళ్లలో క్రెడిట్ కార్డుతో కట్టినవారు కార్డు ఇచ్చిన బ్యాంకును అడగగలిగారు. అక్కడి 1974 నాటి వినియోగదారుల రుణ చట్టం 100 పౌండ్ల పైనుంచి 30,000 పౌండ్ల వరకు ధర గల కొనుగోళ్లలో బ్యాంకును కూడా అమ్మకందారుతో సమానంగా బాధ్యుణ్ని చేస్తుంది. ఆ చట్టం లేని చోట్ల కూడా కార్డు నెట్‌వర్కుల సొంత నియమాల కింద చార్జ్‌బ్యాక్ అనే, కట్టిన డబ్బును బ్యాంకు ద్వారా వెనక్కి రప్పించుకునే హక్కు ఉంటుంది. విమానయాన సంస్థల కార్డు వసూళ్లను చూసే బ్యాంకులు కొంత సొమ్మును ప్రయాణం అయ్యేదాకా బిగపట్టి ఉంచడానికి కారణం ఇదే. కార్డు వసూళ్ల మీద రెండు మూడు శాతం పోతోందని వ్యాపారులు గొణుక్కుంటారు కానీ, ఆ శాతంలో ప్రయాణికుడి బీమా కూడా కొంత ఇమిడి ఉందని మరచిపోతారు. క్రిప్టో చెల్లింపులో మధ్యవర్తి ఒక శాతం చుట్టుపక్కల తీసుకుంటాడు, నిజమే. చౌకగా ఉండడానికి ఒక కారణం ఆ బీమా అందులో లేకపోవడమే. ఏరు దాటాక తెప్ప తగలేసే సంస్థ ఎదురైతే క్రిప్టోతో కట్టినవాడు దివాలా కోర్టు ముందు అప్పులవాళ్ల వరుసలో చివరన నిలబడవలసిందే.

ఇదంతా పుస్తకాల్లో చదివి రాస్తున్నానని ఎవరైనా అనుకోకుండా ఒక సొంత అనుభవం చెబుతాను. పదవీ విరమణ తర్వాత ఈ పద్ధతి ఎలా పనిచేస్తుందో చూద్దామన్న కుతూహలంతో ఒక బుకింగ్ సైటులో హోటల్ గదికి స్టేబుల్‌కాయిన్‌తో, అంటే ధర డాలరుకు ముడిపడిన నాణెంతో, కట్టబోయాను. సైటు పేరు ఇక్కడ అనవసరం. తెర మీద ఒక క్యూఆర్ కోడ్, దాని కింద చాంతాడంత వాలెట్ అడ్రసు (డబ్బు చేరవలసిన ఖాతా సంఖ్య లాంటిది), ఆ పక్కన 15 నిమిషాల నుంచి వెనక్కి నడిచే గడియారం కనిపించాయి. ఆ సమయంలోగా సరిగ్గా అంత మొత్తం, సరిగ్గా ఆ నెట్‌వర్క్ మీదే చేరాలి. నా నాణేలు ఒక ఎక్స్ఛేంజ్ (క్రిప్టో కొనుగోలు, అమ్మకాలు నడిపే సంస్థ) ఖాతాలో ఉన్నాయి. అక్కడ పంపమని నొక్కగానే ఫోన్‌కు ఒక ఓటీపీ, ఈమెయిల్‌కు ఇంకొకటి వచ్చాయి, ఆపైన ఇది కొత్త అడ్రసు కదా నిజంగా మీరే పంపుతున్నారా అని మరో ప్రశ్న. గడియారంలో నాలుగు నిమిషాలు మిగిలి ఉండగా డబ్బు బయలుదేరింది, అప్పుడు ఊపిరి పీల్చుకున్నాను. తీరా చూస్తే ఎక్స్ఛేంజ్ తన ఫీజు ఒక డాలరును విడిగా తీసుకోకుండా పంపే మొత్తంలోంచే మినహాయించుకుంది. చేరినది ఒక డాలరు తక్కువ. బుకింగ్ పేజీ మీద ‘తక్కువ చెల్లింపు’ అనే ఎర్ర అక్షరాలు వచ్చాయి. గది ఖరారు కాలేదు, డబ్బు వెనక్కి రాలేదు, తక్కువపడ్డ ఆ ఒక్క డాలరు పంపుదామంటే గడియారం సున్నాకు చేరింది.

సహాయ విభాగానికి రాశాను. వాపసుకు వాలెట్ అడ్రసు ఇమ్మన్నారు. ఎక్కణ్నుంచి వచ్చిందో అక్కడికే పంపవచ్చు కదా అన్నాను. అలా పంపితే డబ్బు నాకు చేరదన్నారు. వాళ్లు చెప్పింది నిజమే. ఎక్స్ఛేంజ్ నుంచి బయలుదేరే డబ్బు లక్షల మంది ఖాతాదారులందరికీ కలిపి ఉన్న ఉమ్మడి వాలెట్ నుంచి వస్తుంది. దాన్ని అదే అడ్రసుకు తిరిగి పంపితే ఎక్స్ఛేంజ్ పెట్టెలో పడుతుంది కానీ నా పేరున జమ కాదు. కార్డు వాపసులో డబ్బు వచ్చిన దారిన తనంతట తానే ఇంటికి చేరుతుంది, ఇక్కడ ఆ దారి ఒకవైపు దారి. నేను కొత్త అడ్రసు ఇచ్చాను, ఏ నెట్‌వర్కో చెప్పాను, రెండుసార్లు అక్షరం అక్షరం సరిచూసుకున్నాను. పదకొండో రోజున డబ్బు వచ్చింది, నెట్‌వర్క్ ఫీజు పోను. గది అప్పటికి ఇంకొకరిది అయిపోయింది. నష్టం చిన్నదే కనుక నవ్వుకుని ఊరుకున్నాను. అయితే జీవితంలో సగభాగం వాపసు కాగితాల మధ్య గడిపినవాడికే ఇంత తికమక అయితే, పిల్లాపాపలతో బయలుదేరబోయే ఒక కుటుంబం సంగతి ఏమిటన్న ఆలోచన మాత్రం వదల్లేదు.

స్టేబుల్‌కాయిన్ ధర డాలరుకు ముడిపడి ఉంటుంది కనుక పైన చెప్పిన 2020 నాటి లెక్క దానికి వర్తించదని కొందరంటారు. ఆ మాటలో చాలావరకు నిజముంది. ప్రయాణ చెల్లింపులకు క్రిప్టోలో ఏదైనా పనికొస్తుందంటే అది స్టేబుల్‌కాయినేనని నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ ముడి ఎవరు వేశారు, దేనితో వేశారు అన్నది చూసుకోవాలి. 2022 మేలో టెర్రాయూఎస్‌డీ అనే నాణెం కొద్ది రోజుల్లోనే డాలరు నుంచి సెంట్లలోకి కుప్పకూలింది. దాని వెనుక నిజమైన డాలర్ల నిల్వ లేదు, ప్రధానంగా ధరను నిలబెట్టాలని రాసుకున్న ఒక కంప్యూటర్ సూత్రమే ఉంది. అంతకంటే గట్టిదని పేరున్న యూఎస్‌డీసీ అనే స్టేబుల్‌కాయిన్ కూడా 2023 మార్చిలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు మునిగినప్పుడు, తన నిల్వల్లో 330 కోట్ల డాలర్లు అక్కడ ఉన్నాయని తేలేసరికి, రెండు రోజులపాటు 90 సెంట్ల కిందికి కూడా దిగి మళ్లీ తేరుకుంది. ఐరోపా యూనియన్ తన క్రిప్టో చట్టంలోని స్టేబుల్‌కాయిన్ భాగాన్ని 2024 జూన్ 30 నుంచి అమల్లోకి తెచ్చి, ఒకే అధికారిక కరెన్సీకి ముడిపడిన నాణేలను జారీచేసిన సంస్థ ఎప్పుడు అడిగినా ముఖవిలువకే డబ్బు తిరిగి ఇవ్వాలని కట్టుబాటు పెట్టింది. ఇది నాకు నచ్చిన నియమం, ఎందుకంటే ఇది కూడా ఒక వాపసు నియమమే.

ప్రభుత్వాలు నడుస్తున్న తీరు చూసినా ఇదే కనబడుతుంది. ఎల్ సాల్వడార్ 2021 సెప్టెంబరు 7న బిట్‌కాయిన్‌ను చట్టబద్ధ కరెన్సీగా అమల్లోకి తెచ్చి ప్రతి వ్యాపారీ తీసుకోవాలని ఆదేశించింది. 2025 జనవరిలో చట్టం సవరించి తీసుకోవడమూ మానడమూ వ్యాపారి ఇష్టానికే వదిలేసింది. భూటాన్ 2025 మేలో ఒక స్థానిక బ్యాంకునూ ఒక అంతర్జాతీయ ఎక్స్ఛేంజ్‌నూ కలిపి పర్యాటకులకు క్రిప్టో చెల్లింపుల ఏర్పాటు చేసింది. థాయిలాండ్ మరీ జాగ్రత్తపడింది. వస్తు సేవలకు క్రిప్టోను చెల్లింపు సాధనంగా వాడడాన్ని అక్కడి నియంత్రణ సంస్థ 2022 ఏప్రిల్ నుంచే కట్టడి చేసింది. 2025 ఆగస్టులో విదేశీ పర్యాటకుల కోసం తెచ్చిన పథకంలో కూడా పర్యాటకుడు తన క్రిప్టోను ముందు థాయి కరెన్సీ అయిన బాత్‌గా మార్చుకోవాలి, వ్యాపారికి చేరేది బాత్ మాత్రమే. దీన్ని కొందరు పిరికి అడుగు అని వెక్కిరించారు. నా దృష్టిలో ఇదే తెలివైన అడుగు, ఎందుకంటే అమ్మకం బాత్‌లో జరిగింది కనుక వాపసు కూడా బాత్‌లోనే ఉంటుంది, నాణెం ధరతో దానికి పని లేదు.

అసలు చిక్కు వినియోగదారుల చట్టాలు ఈ కొత్త డబ్బును ఊహించకపోవడంలో ఉంది. అమెరికాకు వచ్చే, అక్కడి నుంచి పోయే, అక్కడే తిరిగే విమానాలకు సంబంధించి 2024లో వచ్చిన నిబంధన ప్రకారం, సంస్థ విమానాన్ని రద్దు చేసి ప్రయాణికుడు ప్రత్యామ్నాయం వద్దన్నప్పుడు, కట్టిన పద్ధతిలోనే డబ్బు తిరిగి ఇవ్వాలి. క్రెడిట్ కార్డు అయితే ఏడు పనిదినాల్లో, మిగతా పద్ధతులైతే ఇరవై రోజుల్లో ఇవ్వాలి. మరి కట్టిన పద్ధతి అంటే ఏమిటి? ప్రయాణికుడు కట్టింది బిట్‌కాయిన్, సంస్థకు ముట్టింది డాలర్లు. ఇద్దరూ నిజమే చెబుతారు. ఐరోపాలో 2004 నాటి 261వ నిబంధన ఏడు రోజుల గడువు పెట్టి, వాపసు నగదుగానో, బ్యాంకు బదిలీగానో, బ్యాంకు ఆర్డరు లేదా చెక్కుగానో ఇవ్వాలనీ, ప్రయాణికుడు సంతకం పెట్టి ఒప్పుకుంటేనే వోచరు ఇవ్వవచ్చనీ చెబుతుంది. ఆ జాబితాలో క్రిప్టో లేదు. నాణేలతో కట్టినవాడు నాణేలే కావాలని పట్టుబట్టడానికి గానీ, సంస్థ నాణేలే పుచ్చుకోమని నెట్టడానికి గానీ దాని ఆధారంగా వీలు లేదన్నమాట. డబ్బు బ్యాంకు ఖాతాలోకి వస్తుంది, కానీ ఏ రోజు రేటున వస్తుంది? టికెట్టు మీద అచ్చయిన యూరో ధరే కొలమానమని నేనంటాను. ఈ మాట ఎక్కడైనా స్పష్టంగా రాసి ఉంటేనే గొడవ ఉండదు.

పన్ను సంగతి క్లుప్తంగా చెబుతాను. అమెరికా పన్నుల శాఖ 2014లోనే క్రిప్టోను ఆస్తిగా లెక్కించింది. అంటే దానితో టికెట్టు కొనడం పన్ను దృష్టిలో ముందు ఆస్తిని అమ్మి, ఆపైన టికెట్టు కొన్నట్టు. భారత్ 2022 ఏప్రిల్ నుంచి ఇలాంటి బదిలీలపై వచ్చే లాభానికి 30 శాతం పన్ను వేస్తోంది. ఇక టికెట్టు రద్దయి నాణేలు వెనక్కి వస్తే అది పాత అమ్మకం రద్దయినట్టా, కొత్తగా కొన్నట్టా అన్న ప్రశ్నకు నలుగురు ఆడిటర్లు నాలుగు జవాబులు చెబుతారు. అన్నట్టు ఈ రంగంలో ‘ట్రావెల్ రూల్’ అనే మాట వినబడితే అది మనలాంటి ప్రయాణికులకు సంబంధించినదని మోసపోకండి. పంపేవారి, అందుకునేవారి వివరాలు డబ్బుతోపాటే ప్రయాణించాలన్న నిబంధన అది. అక్రమ ధన చలామణిని అరికట్టే నియమాలు రూపొందించే అంతర్జాతీయ సంస్థ, ఆర్థిక చర్యల కార్యదళం (ఎఫ్ఏటీఎఫ్), 2019 జూన్‌లో దాన్ని క్రిప్టో సంస్థలకూ వర్తింపజేసింది.

వివరాల మాట వచ్చింది కనుక ఒక హెచ్చరిక. క్రిప్టోతో కడితే గోప్యంగా ఉంటుందన్నది చాలామంది భ్రమ. బ్లాక్‌చెయిన్ ఎవరైనా తెరిచి చూడగల బహిరంగ ఖాతా పుస్తకం. అందులో అడ్రసులే ఉంటాయి, పేర్లుండవు. కానీ హోటల్ దగ్గర మీ పేరు, పాస్‌పోర్టు నంబరు, బస చేసే తేదీలు ఉంటాయి. సొంత వాలెట్ నుంచి నేరుగా కట్టిన క్షణంలో ఆ అడ్రసుకు మీ పేరు అంటుకుంటుంది, ఆ వాలెట్‌లో ఇంకెంత ఉందో, ఇంతకుముందు ఎవరెవరికి పంపారో ఆ లెక్క తెలిసినవాడు చదువుకోవచ్చు. మారియట్ హోటళ్ల సంస్థ 2018 నవంబరులో వెల్లడించిన సమాచార చోరీలో 50 లక్షలకు పైగా పాస్‌పోర్టు నంబర్లు ఎన్‌క్రిప్షన్ కూడా లేకుండా బయటికి పోయాయి. అలాంటి జాబితాలో పాస్‌పోర్టు పక్కన వాలెట్ అడ్రసు కూడా ఉండి, ఆ వాలెట్‌లో పెద్ద మొత్తం ఉంటే, ఆ మనిషి ఏ తేదీల్లో ఇంట్లో ఉండడో కూడా దొంగకు తెలిసిపోతుంది. కట్టక తప్పదనుకుంటే ఆ ప్రయాణానికి సరిపడా మొత్తం మాత్రమే ఉన్న వేరే వాలెట్ నుంచి కట్టడం మంచిది.

ఇంకొక చిన్న మెలిక హోటల్ కౌంటరు దగ్గర, అద్దె కార్ల దగ్గర బయటపడుతుంది. కార్డు నుంచి వ్యాపారి సొమ్ము లాగుకోగలడు, క్రిప్టోలో మాత్రం కట్టేవాడే సొమ్ము నెట్టాలి. కార్డు మీద హోటల్ కొంత సొమ్మును పట్టి ఉంచి, నష్టమేమీ లేకపోతే వదిలేయగలదు. వాలెట్ నుంచి ఎవరూ లాగలేరు కనుక ముందుగానే డిపాజిట్ పంపించుకుని తర్వాత తిరిగి ఇవ్వాలి, అంటే మళ్లీ వాపసు. అందుకే గదికి క్రిప్టోతో కట్టినవారిని కూడా చాలా చోట్ల కార్డు చూపించమని అడుగుతారు. సొమ్మును ఒక స్మార్ట్ కాంట్రాక్టులో (షరతు తీరితేనే డబ్బు వదిలే కంప్యూటర్ ప్రోగ్రాములో) ఉంచి, చెక్ ఇన్ అయిన తర్వాతే హోటల్‌కు చేరేలా చేయవచ్చని సాంకేతిక నిపుణులు చెబుతారు. చేయవచ్చు. కాకపోతే అతిథి నిజంగా వచ్చాడో లేదో ఆ కాంట్రాక్టుకు చెప్పవలసింది కౌంటరు వెనుక ఉన్న ఉద్యోగే. తగాదా వస్తే తీర్పరి ఎవరన్న ప్రశ్న అలాగే మిగులుతుంది.

నేను ఈ పద్ధతికి శత్రువుని కాను. అది నిజంగా పనికివచ్చే చోటు కౌంటరు ముందు కాదు, కౌంటరు వెనుక అని నా అభిప్రాయం. ఒక దేశంలోని ఏజెంటు ఇంకో దేశంలోని చిన్న హోటల్‌కో, వాహనాలు నడిపేవారికో డబ్బు పంపాలంటే బ్యాంకు బదిలీ రెండు మూడు బ్యాంకుల చేతులు మారి, రోజుల తరబడి నడిచి, ఒక్కో చేతిలో కొంత రాలిపోయి చేరుతుంది. సెలవులు వస్తే అతిథి చేరుకుంటాడు కానీ డబ్బు చేరదు. అటువంటి ఫోన్లు నేను ఎన్ని ఎత్తానో లెక్కలేదు. అక్కడ నియంత్రణలో ఉన్న స్టేబుల్‌కాయిన్ నిమిషాల్లో పని ముగిస్తుంది. ఆ ఇద్దరూ వ్యాపారులే, ఒకరికొకరు తెలిసినవాళ్లే, వాపసులను వచ్చే నెల లెక్కలో సర్దుబాటు చేసుకుంటారు. తమ దేశంలో బ్యాంకులు సరిగా పనిచేయక, కార్డు విదేశంలో చెల్లక ఇబ్బందిపడే ప్రయాణికులకు కూడా ఇది దొరికిన ఒక్క దారి కావచ్చు. వాళ్లకు చార్జ్‌బ్యాక్ హక్కుల గురించి పాఠం చెప్పడం పద్ధతి కాదు. వాళ్లకు కావలసింది రాతపూర్వకమైన షరతులు.

ఆ షరతులు చెల్లింపు బటన్ పక్కనే, ఒక చిన్న పేరాలో పట్టేవే. వాపసు నాణేల లెక్కనా, బుకింగ్ రోజు విలువ లెక్కనా? విలువ అయితే ఏ కరెన్సీలో, ఎవరి రేటు ప్రకారం? సంస్థ తానే రద్దు చేసినప్పుడు కూడా నెట్‌వర్క్ ఫీజు ప్రయాణికుడే భరించాలా? మధ్యవర్తి సంస్థ మూతపడితే బాధ్యత ఎవరిది? తక్కువ చెల్లింపు వస్తే మిగతాది కట్టడానికి ఎంత గడువు ఇస్తారు? ఇప్పుడు ఇవి దొరకవని కాదు. దొరుకుతాయి, నిబంధనల పేజీలో ఎక్కడో అడుగున, చదవడానికి పదిహేను నిమిషాల గడియారం చాలని చోట. డబ్బు పంపిన తర్వాత చదివేందుకు అక్కడ పెట్టినట్టుంటాయి.

మీ పత్రికకు ఒక విన్నపం. ఇకముందు ఏదైనా ప్రయాణ సంస్థ క్రిప్టో స్వీకరిస్తున్నట్టు ప్రకటన పంపినప్పుడు మీ విలేకరి ఆ సంస్థను ఒక్క ప్రశ్న అడిగి, వచ్చిన జవాబును ఆ వార్తలోనే అచ్చువేయగలరు: ‘ఈరోజు మీకు 0.1 బిట్‌కాయిన్ ఇచ్చి టికెట్టు కొన్న ప్రయాణికుడి విమానాన్ని వచ్చే నెలలో మీరే రద్దు చేస్తే, అతని చేతికి ఏమిస్తారు?’ జవాబు రాకపోతే రాలేదనే అచ్చువేయండి.

భవదీయుడు,
వాపసు విభాగంలో పనిచేసి పదవీ విరమణ పొందిన ఒక పాఠకుడు